మెడ వెనక పుట్టుమచ్చ

ఆ ఎండాకాలమంతా హనుమకొండలో నేను మగవాళ్ళ మెడలు తప్ప ఇంకేమీ చూడలేదు. బస్సులో ముందు సీటు మెడ, పాల బూత్ దగ్గర వరసలో నిలబడ్డ మెడ, ఏటీఎంలో నంబరు నొక్కుతున్న మెడ. ఒకాయన గిరుక్కున వెనక్కి తిరిగి "ఏంది సంగతి?" అంటే, "కాలరు మడత పడ్డదన్నా" అని సర్దిచెప్పి తప్పుకున్నాను. నాకు కావాల్సింది ఒకే ఒక్క మెడ. ఎడమ పక్కన, కాలరు కింద, చింతగింజంత పుట్టుమచ్చ ఉన్న మెడ. ఆ మెడ గలవాడు నా భార్య హైమ మనసులో కూర్చున్నాడు. ఇది మాట వరసకు అంటున్నది కాదు. నేను కళ్ళారా చూశాను.

మా ల్యాబులో ఒక యంత్రం ఉంది. కాగితాల మీద దాని పేరు మూరెడు పొడుగు. మేము మాత్రం అద్దం అంటాం. కుర్చీలో కూర్చున్నవాళ్ళ తలకు వైర్ల టోపీ పెట్టి, ఎవరినైనా తలుచుకోమంటాం. తలుచుకున్న మనిషి తెర మీద మెల్లగా తేలతాడు. ముందు చుక్కలు, తర్వాత గీతలు, ఆ తర్వాత ఒళ్ళు, ముగ్గు వేస్తున్నట్టే. ఫోటో లాంటిది కాదది. మనసు పట్టుకున్నదే వస్తుంది, వదిలేసింది రాదు. ఒకాయన వాళ్ళమ్మను తలుచుకుంటే రెండు చేతులే వచ్చాయి, మోచేతుల దాకా పిండితో. మొహం రాలేదు. ఆయన ఆ చేతులను చూసి చాలాసేపు కుర్చీ లోంచి లేవలేదు.

దీన్ని మేము మగవాళ్ళ కోసం తయారుచేశాం. జిమ్ములో కండలు పెంచీ పెంచీ ఇంకా బక్కగానే ఉన్నామని కుమిలేవాళ్ళు, నలుగురిలో చొక్కా విప్పలేనివాళ్ళు, అద్దం ముందు నిలబడితే వణుకు పుట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ మనసులో ఉన్న ఒంటికీ, నిజంగా ఉన్న ఒంటికీ తేడా ఎంతో వాళ్ళకే చూపిస్తే సగం బాధ తగ్గుతుందని మా వసుంధర మేడం నమ్మకం. ల్యాబుకు ఆమే పెద్ద. యంత్రం బాగోగులు చూసేది నేను, పేరు దామోదర్. నాకు సాయంగా సాకేత్ ఉంటాడు.

సాకేత్ గురించి చెప్పాలంటే అప్పట్లో నాకు ఒళ్ళు మండేది. ఆరడుగుల మనిషి. ఏ టీషర్టు వేసినా ఆ టీషర్టుకే అందం. అతను లోపలికొస్తే అకౌంట్స్ గదిలో టైపు చేస్తున్న చేతులు ఆగిపోయేవి. మరి నా సంగతి? పొట్టివాణ్ణి. నాకంటే ముందు నా పొట్ట గదిలోకి వస్తుంది. నడినెత్తి మీది జుట్టు పెళ్ళైన ఏడాదికే సెలవు తీసుకుంది. క్షౌరం అయ్యాక వెనకనుంచి చిన్న అద్దం పట్టి చూపించబోతే వద్దని చెయ్యి ఊపేస్తాను, ఆ బట్టతలను డబ్బులిచ్చి మరీ చూసుకోవడం ఎందుకని. ఇంట్లో కూడా బనీను లేకుండా తిరగను. స్నానాల గదిలోనే తొడుక్కుని బయటికొస్తాను. హైమ కూడా నన్ను బనీను లేకుండా చూసి ఉండదనే నా ధీమా.

మొదట్లో ఒకరోజు సాకేత్ సరదాగా కుర్చీలో కూర్చుని తనను తాను తలుచుకున్నాడు. తెర మీద ఎముకలు తేలిన బక్క పిల్లాడు వచ్చాడు, జారిపోతున్న నిక్కరును ఒక చేత్తో పట్టుకుని. సాకేత్ టోపీ తీసి "టెన్త్‌ల అట్లనే ఉంటుంటి సార్" అని నవ్వబోయాడు, నవ్వు రాలేదు. నాకు జాలి కలగాల్సింది. అబద్ధమెందుకు, కడుపులో చల్లగా అనిపించింది. "మీరు కూడ కూసోండి సార్" అన్నాడు. ఏదో వైరు లూజైందని చెప్పి నేను కిందికి వంగాను.

మగవాళ్ళు తమను తాము ఎలా చూసుకుంటారో కొంత తెలిశాక, ఇంట్లో ఆడవాళ్ళు వాళ్ళను ఎలా చూస్తారో కూడా తెలియాలన్నారు మేడం. స్టాఫ్ భార్యలను, అక్కచెల్లెళ్ళను రమ్మన్నాం. మనవాళ్ళు కూర్చున్నప్పుడు మనం ఆ గదిలో ఉండకూడదు, వచ్చిన బొమ్మను వాళ్ళు ఒప్పుకుంటే తప్ప ఎవరికీ చూపించకూడదు అని నియమం పెట్టారు. ప్రశ్న అందరికీ ఒకటే, "మీకు అందరికన్న దగ్గరి మగమనిషిని తలుచుకోండి." భర్తను తలుచుకోమని అనకూడదు. అంటే అందరికీ పెళ్ళి ఫోటోలే వస్తాయని మేడం భయం.

హైమ సర్కారు బడిలో లెక్కల టీచరు. ఒక శనివారం మధ్యాహ్నం బడి అయ్యాక వచ్చింది. ఆమెకు టోపీ పెట్టింది, ప్రశ్న అడిగింది సాకేతే. నేను గదిలో లేను. నియమం అక్షరాలా పాటించాను. పక్క గదిలో రెండో తెర ఉన్న సంగతి నియమంలో ఎవరూ రాయలేదు.

చుక్కలు పడ్డాయి. ఎక్కడ నా పొట్ట తేలుతుందో, సాకేత్ ఎక్కడ చూస్తాడోనని నేను ముందుగానే సిగ్గుపడి కూర్చున్నాను. పొట్ట రాలేదు, వీపు వచ్చింది. చొక్కా లేదు, బనీను లేదు. వెడల్పాటి వీపు, తడిసి మెరుస్తున్నది. భుజాలు ఎద్దు మూపులాగా ఎత్తుగా ఉన్నాయి. మెడ దగ్గరికి వచ్చేసరికి బొమ్మ ఎంత స్పష్టంగా ఉందంటే, వెంట్రుకల మొదళ్ళు కనిపించాయి, జారుతున్న నీటిచుక్క కనిపించింది, ఎడమ పక్కన పుట్టుమచ్చ కనిపించింది. మెడకు పైన ఏమీ లేదు. ముక్కు ఆనించేంత దగ్గర నుంచి చూసిన మెడ అది.

నా పుట్టుమచ్చలు నాకు తెలుసు. టెన్త్ పాసైన ఎవడికైనా తెలుసు, మెమో మీద అచ్చేసి ఇస్తారు కదా. కుడి మోచేతి మీద ఒకటి, ఎడమ చెంప మీద ఒకటి. మెడ మీద లేదు.

కోపం తర్వాత వచ్చింది. ముందు కుళ్ళు పుట్టింది. ఏం వీపురా అది అనిపించింది. అలాంటి వీపే ఉంటే నేనూ ఊరంతా చొక్కా విప్పుకుని తిరిగేవాణ్ణి.

హైమ బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏడ్చినవా?"

"లేదు. ఆ టోపీ గట్టిగున్నది."

"ఏమొచ్చిందట?"

"చెప్పరంట గద. మీ రూల్సే గద, మీకు తెల్వదా?"

"నాకేం తెలుసు" అన్నాను.

"మంచిదే వచ్చుంటది" అని స్కూటరు మీద వెనక కూర్చుని, ఎప్పటిలాగే నా భుజం మీద చెయ్యి వేసింది. నేను భుజం కదిలించాను. "చెమట" అన్నాను. చెయ్యి తీసేసింది.

మొదటి అనుమానం ఎవరి మీదో వేరే చెప్పక్కర్లేదు. సాకేత్ ఆ రోజు బొమ్మను మూసేసి, నాకు ఎదురొచ్చి "హైమ మేడం మంచిగ చేసిండ్రు సార్" అని ఒక నవ్వు నవ్వాడు. ఆ నవ్వుకు వారం రోజులు నిద్ర పట్టలేదు. అతనికి మెడ మీదకు జుట్టు. నాలుగుసార్లు క్షౌరం సంగతి ఎత్తాను. చివరికి ఓపిక నశించి, "కదలకు, మెడ మీద చీమ" అని కాలరు పట్టుకుని కిందికి లాగాను. ఇత్తడి చెంబులాగా నున్నగా ఉంది. మచ్చ కాదు కదా, మొటిమ కూడా లేదు.

"పోయిందా సార్?"

"పోయింది" అన్నాను. సంతోషం కలగాలి కదా, కలగలేదు. సాకేత్ అయితే కనీసం ఎవడో తెలిసి ఉండేది. ఇప్పుడు ఊళ్ళో ఉన్న ప్రతి మగవాడూ వాడే.

హైమ బడిలో కొమురెల్లి అని ఆటల సారు ఉన్నాడు. ఆయన పేరు ఆమె నోట ఎన్నిసార్లు వచ్చిందో గుర్తుచేసుకున్నాను. వాళ్ళ వార్షికోత్సవానికి పిలవకపోయినా వెళ్ళాను. ఆయన చేతుల్లేని బనీనుతో కబడ్డీ ఆడిస్తుంటే సరిగ్గా వెనక నిలబడి చూశాను. మచ్చ లేదు. తిరిగి వచ్చేటప్పుడు హైమ అడిగింది, "కుర్చీలన్ని ఖాళీగుంటే కొమురెల్లి సార్ ఎనక ఎందుకు నిలబడ్డరు?"

"నీడ కోసం."

"ఆయన నీడలనా?" అని నా మొహం వంక చూసింది.

వాడు దొరకలేదు. దొరకనివాడితో పోటీ పడటం మొదలుపెట్టాను. అన్నం మానేశాను. డంబెల్స్ కొని మంచం కింద దాచాను. హైమ బడికి పోగానే తలుపు గడియ పెట్టి దండీలు తీశాను. ఇంట్లో ఉన్నది ఒక్కటే అద్దం, వీపు చూసుకోవాలంటే మెడ విరగాలి. వీపు ఎంత వెడల్పయిందో తెలియదు కానీ, చొక్కాలు వదులై కాలర్లు వెనక్కి జారడం మొదలైంది. ఒకరోజు సాయంత్రం రెండు రెక్కల మధ్య పట్టేసి, మంచం మీద నుంచి లేవలేకపోయాను.

హైమ నొప్పుల మందు తెచ్చింది. "బనీను తియ్యండి, రాస్త."

"ఒద్దు. పైనుంచి రాయి."

"పైనుంచి రాస్తే బనీనుకు తగ్గుతది నొప్పి. ఇన్నేండ్లయింది, నా ముందట ఎందుకు సిగ్గు?"

"నువ్వు చూసిన వీపులు చాలవా?"

ఆ మాట నేను అనాలనుకోలేదు. నోరు జారింది. హైమ చెయ్యి ఆగిపోయింది.

"ఏమన్నరు?"

"ఎవడు వాడు? మెడ మీద పుట్టుమచ్చ ఉన్నోడు. ఎడమ పక్కన."

హైమ నన్నే చూసింది. దొరికిపోయిన మొహం కాదది. ముందు పెదవుల మీదకు నవ్వు లాంటిదేదో వచ్చింది. తర్వాత అది మెల్లగా పోయింది.

"మచ్చ సంగతి మీకెట్ల తెల్సు?"

"పక్క గదిల ఇంకో తెర ఉన్నది."

"తెల్వదన్నరు గద ఆనాడు. అంటే నాకు చెప్పకుంట నా తలకాయల తొంగి చూసిండ్రు."

"చూసిన గనుకనే దొరికినవ్."

మందు డబ్బాకు మూత పెట్టింది. బీరువా తీసి నాలుగు చీరలు సంచిలో సర్దుకుంది. "అక్క కాడికి పోతున్న."

"వాడెవడో చెప్పి పో."

"చెప్పను. నువ్వే తెల్సుకో" అన్నది. పెళ్ళయ్యాక మొదటిసారి నన్ను నువ్వు అన్నది.

హైమ వాళ్ళక్క ఇల్లు కాజీపేటలో. ఫోను చేస్తే ఎత్తలేదు. వాడి దగ్గరికే పోయిందేమోనని అక్కకు చేశాను. ఆమె "ఇక్కడనే ఉన్నది, మాట్లాడదట" అని పెట్టేసింది. ఇల్లు బోసిపోయింది. సింకులో గ్లాసు ఎక్కడ పెడితే అక్కడే ఉంటున్నది. ఆమె రాకపోతే ఏమిటి నా గతి అన్న భయం ఒకవైపు, వాడెవడో తెలియకుండా చచ్చిపోతానేమోనన్న మంట ఒకవైపు. ఏ పూటకు ఏది గెలుస్తుందో నాకే తెలిసేది కాదు.

ల్యాబుకు మాత్రం పోతూనే ఉన్నాను. పని మొదలుపెట్టేముందు యంత్రాన్ని సరిచూసుకోవడం మా అలవాటు. ఒకరు టోపీ పెట్టుకుని ఎదురుగా గోడ మీది గళ్ళ పటాన్ని చూడాలి. తలుచుకున్నా, కళ్ళతో చూస్తున్నా యంత్రానికి ఒకటే. పటం తెర మీద సరిగ్గా వస్తే పని మొదలుపెడతాం. ఆ పొద్దున సాకేత్ కూర్చున్నాడు. తెర మీద చుక్కలు వణుకుతున్నాయి. కుర్చీ ముందు నేల మీదున్న ప్లగ్గు వదులైనట్టుందని నేను వంగి బిగించాను. లేచి తెర వైపు చూశాను.

గళ్ళు రావాల్సిన చోట మెడ ఉంది. ఎడమ పక్కన చింతగింజంత పుట్టుమచ్చ.

వీడికి కూడా తెలుసన్నమాట వాడు.

"ఎవడు వాడు?" అన్నాను.

"ఎవరు సార్?"

"తెర మీదోడు. వాడు నీకెట్ల తెలుసు?"

సాకేత్ తెరను చూశాడు, నన్ను చూశాడు. "మీరే గద సార్. ఇప్పుడు నా ముందట వంగిండ్రు గద."

"మచ్చ ఉన్నది."

"అదెప్పటికెల్లి ఉన్నదే గద. మీరు వైర్లు సర్దెటప్పుడల్ల కనపడ్తది. మీకు తెల్వదా?"

ఫోను వెనక్కి పట్టి ఫోటో తీసుకున్నాను. మొదటిది చెవి వచ్చింది. రెండోది మెడ వచ్చింది. నిజమే, నాదే. నా చిన్నప్పుడు మెమో కోసం మచ్చలు రాసుకుంటూ "ఇంకెక్కడన్న ఉన్నయారా?" అని క్లాసు సారు అడిగితే, చొక్కా విప్పమంటాడేమోనని లేవన్నాను. లేవన్న మాటను ఇన్నేళ్ళు నేనే నమ్ముకుని కూర్చున్నాను.

మచ్చ నాదే అయితే మరి ఆ వీపు ఎవరిది? బనీను లేని వీపును హైమ ఎప్పుడు చూసింది? ఎంత ఆలోచించినా తట్టలేదు. సాకేత్ తల మీంచి టోపీ తీసి మొదటిసారి నా తలకు పెట్టుకున్నాను. "తెర నువ్వు చూడు, నాకు చెప్పు" అని కళ్ళు మూసుకుని నన్ను నేను తలుచుకున్నాను.

సాకేత్ ఎంతకీ మాట్లాడలేదు. కళ్ళు తెరిచి నేనే చూశాను. తెర నిండా పొట్ట. పైన నిమ్మకాయంత తల, కింద బురద నీళ్ళు. వేరే ఏమీ లేదు.

"సార్, ఇది ఆ వరద ఫోటో గద" అన్నాడు సాకేత్ మెల్లగా.

మా కాలనీ మునిగిన ఏడు, పడవలో వచ్చినవాళ్ళెవరో తీసిన ఫోటో అది. ఆఫీసు గ్రూపులోకి వచ్చింది. బనీను లేకుండా, పొట్ట ముందుకు పెట్టుకుని, నడుముల్లోతు నీళ్ళలో నేను. "నిమజ్జనం ఈసారి ముందుగానే వచ్చింది" అని కింద ఒకడు రాశాడు. పగలబడి నవ్విన బొమ్మలు వరసగా పెట్టారు. నేను ఒక్కొక్కరికీ ఫోను చేసి తీసేయమని బతిమాలాను. ఆ వరదలో ఫ్రిజ్ పోయింది, పుస్తకాలు పోయాయి. నాకు మిగిలింది మాత్రం ఆ ఫోటోయే.

"తీసేయమన్నరు గని, నేను అప్పుడు కొత్త సార్. ఏది తియ్యాల్నో తెల్వక ఉంచిన" అని సాకేత్ ఫోను నా చేతికి ఇచ్చాడు.

చూశాను. పొట్ట ఉంది, కాదనను. కానీ తెర మీద వచ్చినంత లేదు. మామూలు పొట్ట. నా భుజాలు ఎత్తుగా ఉన్నాయి, ఎందుకంటే వీపు మీద బరువుంది. వీపు మీద హైమ ఉంది. నీళ్ళలో పగిలిన సీసా తొక్కి పాదం తెగింది ఆమెకు. ఆ పాదానికి చుట్టి ఉన్నది నా బనీను. రెండు చేతులూ నా మెడ చుట్టూ వేసి, గడ్డం నా ఎడమ భుజానికి ఆనించి, కళ్ళు దించుకుని నా మెడ వెనక చూస్తున్నది. మోసిన సంగతి నేను మరిచిపోలేదు. అది లెక్కలోకి రాలేదు, అంతే. ఇన్నేళ్ళలో ఆ ఫోటోలో నేను హైమను చూడనే లేదు.

సాయంత్రం స్కూటరు వేసుకుని కాజీపేట పోయాను. అక్క తలుపు తీసి, పలకరించకుండానే లోపలికి పోయింది. హైమ వరండాలో కూర్చుని పేపర్లు దిద్దుతున్నది.

"తెలుసుకున్న" అన్నాను.

"ఎవడట?"

"నేనే."

ఎర్ర కలం మూత పెట్టింది. "కాలు తెగి రక్తం పోతుంటే కండ్లు తిరిగినయ్ నాకు. సుట్టూర నీళ్ళు. ఎటు చూసినా భయమే. నీ మెడ మీద ఆ మచ్చనే చూస్త ఉన్న. అది కనపడ్తున్నంత సేపు మునగననుకున్న. ఆ కుర్చీల కూసోమంటే అదే తలుచుకున్న. దానికి నువ్వు నన్ను దొంగను చేసినవ్."

"తప్పయింది హైమా. చూడటం తప్పు, అడగటం అంతకన్న తప్పు."

నేను అక్కడితో ఊరుకోవాల్సింది. కానీ ఆ వీపును నాదని తెలిశాక ఒక్కసారైనా చూసుకోవాలని ఆశ. "మళ్ళ ఒకసారి ఆ కుర్చీల కూర్చుంటవా?" అని అడిగాను.

"ఇప్పుడు కూసుంటే వీపు రాదు" అన్నది హైమ. "మొహమొస్తది. మంచం మీద కూసోని ఎవడు వాడు అన్న మొహం."

నాకు వాడి మీద మళ్ళీ కుళ్ళు పుట్టింది, ఆ వరదలో నడిచినవాడి మీద. ఎవడో పరాయివాడు అయినా ఇంత బాధ ఉండేది కాదు. వాడు ఆమె మనసులో ఎన్నేళ్ళుగా ఉన్నాడో, ఎంత సుఖంగా ఉన్నాడో తలుచుకుంటే కడుపు రగిలింది. పైసా ఖర్చు లేకుండా, దండీలు తీయకుండా, పొట్ట లోపలికి పీల్చకుండా ఉన్నాడు వాడు. వాణ్ణి అక్కడి నుంచి వెళ్ళగొట్టింది నేను.

"బడికి ఇక్కడికెల్లి దూరమైతున్నది" అని హైమ కాసేపటికి పేపర్లు కట్టగట్టింది. అక్కకు చెప్పి సంచి పట్టుకుని వచ్చింది. స్కూటరు ఎక్కి, సంచిని నాకూ తనకూ మధ్య పెట్టుకుంది. భుజం మీద చెయ్యి వేయలేదు. వెనక కడ్డీ పట్టుకుంది.

రైల్వే గేటు పడింది. బండి ఆపాను. ఎండ పోయినా ఉక్క పోలేదు. పొద్దున తొందరలో బనీను వేసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది, తడి గుడ్డలోంచి పొట్ట కనిపిస్తున్నది. పక్కన ఆటోలో జనం ఉన్నారు. సర్దుకోవాలని చెయ్యి పోలేదు. హైమకు ఇప్పుడు నా వెనక ఏం కనిపిస్తున్నదో ఒక్కటే నా ఆలోచన.

గూడ్సు బండి పోతూ ఉంది. వెనక నుంచి కాలరు కొద్దిగా కిందికి లాగినట్టయింది. ఒక వేలు మెడ మీద ఆగింది.

"ఉన్నది" అన్నది హైమ.

నేను తల తిప్పలేదు. వేలు తీసేసింది. గేటు లేచింది, వెనక బండ్లు హారన్లు కొట్టాయి. సంచి మా మధ్యలోనే ఉంది. కుదుపు లేకుండా మెల్లగా పట్టాలు దాటించాను.